తుపాకి కీలు: పాళెపు కొలిమి నుంచి ఇంటి బీరువా దాకా



పోయిన నెల మన సభ్యులొకరు ఒక మాట అడిగారు. తాతగారి నాటి రివాల్వర్ ఇంట్లో ఉందట. చేతిలోకి తీసుకుని కదిపితే లోపల ఏదో టకటకమంటోందట. తూటాలు పెట్టే చక్రం అటూ ఇటూ ఆడుతోందట. బాగుచేసేవాళ్ళెవరైనా తెలుసునా అని అడిగారు. జవాబులు చాలానే వచ్చాయి. ఒకరు లేత్ పట్టరై చూపించారు, ఒకరు కంసాలి దగ్గరికి వెళ్ళమన్నారు, ఇంకొకరు "మర బిగిస్తే సరి, దీనికింత రాద్ధాంతమా" అన్నారు.

మొదటే చెప్పేస్తాం: మర బిగించకండి, లేత్ పట్టరైకి తీసుకుపోకండి. ఎందుకో కిందికి పోయేకొద్దీ తెలుస్తుంది. ఆ ప్రశ్న చదివాక మాకు వేరే సంగతి తోచింది. ఒకప్పుడు మన పాళేల్లో తుపాకి కీలు వదులైతే ఎవరినీ అడగాల్సిన పని లేదు. ఊళ్ళో కమ్మరి ఉన్నాడు, కొలిమి ఉంది. ఇవాళ కోయంబత్తూరులో మోటార్లు, పంపులు, మిల్లు యంత్రాలు చేసే చేతులు మనవాళ్ళలో ఎన్నో ఉన్నాయి గాని, ఆ ఒక్క కీలు ముట్టుకునే హక్కు లేదు. ఈ మార్పు ఎలా వచ్చిందో చెప్పడానికే ఈ వ్యాసం. మేము చదివింది తమిళ బడిలో, చేసింది రైల్వేలో గుమాస్తా ఉద్యోగం. మా తెలుగు ఇంటి తెలుగు. అలాగే చదువుకోండి.

గుర్రం అనే మాట

తుపాకి అనే మాట తురుష్క భాషల దారిన వచ్చింది. తెలుగులో తుపాకి, తమిళంలో తుప్పాక్కి. లోపలి భాగాల పేర్లు మాత్రం మన పెద్దలు తామే పెట్టుకున్నారు. వెనక్కి లాగితే నిలబడి, మీట నొక్కితే ముందుకు దూకి కొట్టే భాగాన్ని తెలుగులో గుర్రం అన్నారు. తమిళంలోనూ దానికి కుదిరై అనే పేరుంది, హిందీలో ఘోడా. మూడు భాషలవాళ్ళకూ అది గుర్రంలాగే కనిపించింది. మందు అంటుకోవడానికి పక్క గిన్నెలో వేసే పొడికి రంజకం అని పేరు, తమిళంలోనూ అదే మాట. ఒక పనిముట్టు లోపలి భాగాలకు సొంత పేర్లు ఉన్నాయంటే ఆ పనిముట్టును విప్పి చూసినవాళ్ళు, బాగుచేసినవాళ్ళు ఆ భాషలో ఉన్నారని అర్థం. రివాల్వర్‌కు వచ్చేసరికి ఆ పేర్లు చాలావరకు మనకు లేకపోవడం కూడా గమనించండి.

వత్తి తుపాకి కాలం

విశ్వనాథ నాయకుడు 1529 ప్రాంతంలో మధుర పాలనకు వచ్చాడు. అరియనాథ ముదలియారు సాయంతో దేశాన్ని 72 పాళేలుగా పంచాడని, మధుర కోట 72 బురుజులను ఒక్కొక్క పాళెగాడికి అప్పగించాడని మనందరం విన్నదే. ఆ పాళేల్లో చాలా వాటిని ఏలినవాళ్ళు తెలుగువాళ్ళు. రాజకంబళంవారు, బలిజలు, కమ్మవారు, రెడ్లు, వాళ్ళతో పాటు చేతిపనుల కులాలవాళ్ళు విజయనగర కాలం నుంచి దక్షిణానికి వస్తూనే ఉన్నారు. పాళెగాడు రాజుకు కప్పం కట్టాలి, పిలిచినప్పుడు మనుషులతో, ఆయుధాలతో రావాలి, ఊళ్ళకు కావలి కాయాలి. అందుకని ఆయుధం ఇంట్లో ఉండడం అప్పట్లో వింత కాదు, అది ఉద్యోగ ధర్మం.

ఆనాటిది వత్తి తుపాకి. దాని లోపలి పని చాలా తక్కువ. ఒక ఇనుప గొట్టం, దానికి కొయ్య. గొట్టం వెనక పక్కన చిన్న బెజ్జం, బెజ్జం ముందు రంజకపు గిన్నె. కొయ్యలో తొలిచిన సందులో వంపు తిరిగిన గుర్రం, దాని నోట్లో నిప్పు అంటించిన వత్తి. కింద మీట లాగితే లోపల ఒక కడ్డీ కదిలి గుర్రాన్ని వంచుతుంది, వత్తి రంజకం మీద వాలుతుంది, నిప్పు బెజ్జం గుండా లోపలి మందుకు అంటుకుంటుంది. అంతే.

ఇందులో వదులయ్యేది ఏమిటి? ముఖ్యంగా గుర్రం తిరిగే చీల. అది అరిగితే గుర్రం పక్కకు ఒరుగుతుంది, వత్తి గిన్నెలో పడకుండా అంచు మీద పడుతుంది, తుపాకి పేలదు. దీనికి మందు కమ్మరి చేతిలో ఉంది. కొంచెం లావుపాటి చీల కాచి కొట్టి, ఆకురాయితో రాచి దిగ్గొడితే సరిపోతుంది. కొయ్య సందు వెడల్పయితే వడ్రంగి చెక్క ముక్క అతుకుతాడు. నాగలి కర్రు సాగదీసే కొలిమిలోనే తుపాకి చీల కూడా తయారయ్యేది. కొలతలు వెంట్రుక వాసి తేడా వచ్చినా ఆ తుపాకి పనిచేస్తుంది. అందుకే అది ఊరి ఆయుధం అయింది.

దిండిగల్లులో హైదర్ పట్టరై

పాళేల నడుమనే పెద్ద ఎత్తున ఆయుధ శాల పెట్టినవాడు హైదర్ అలీ. 1755లో మైసూరు తరఫున దిండిగల్లు ఫౌజుదారుగా వచ్చాడు. అక్కడ ఫ్రెంచి పనివాళ్ళ సాయంతో ఫిరంగులు, తుపాకుల పని మొదలుపెట్టాడు. తరవాత ఆయన కొడుకు టిప్పు శ్రీరంగపట్నంలో చెకుముకి రాయి తుపాకులే చేయించాడు. కోయంబత్తూరు అప్పుడు మైసూరు చేతిలోనే ఉంది, 1799లో టిప్పు పోయేదాకా.

హైదరుకు తెలిసింది ఒక్కటే. తుపాకులు కొనుక్కుంటే ఒక యుద్ధం చేయవచ్చు. బాగుచేసుకోగలిగితే యుద్ధం తరవాత యుద్ధం చేయవచ్చు. కుంపిణీవాళ్ళకూ ఇది బాగా తెలుసు. వాళ్ళ పటాలాల వెంట తుపాకులు సరిచేసే పనివాళ్ళు ఉండేవాళ్ళు.

1799 నుంచి 1801 దాకా

ఈ రెండు మూడేళ్ళ కథ మన సంఘంలో పిల్లలకు కూడా తెలుసు కాబట్టి క్లుప్తంగా చెబుతాం. పాంచాలంకురిచ్చి మీద 1799 సెప్టెంబరులో మేజర్ బానర్‌మన్ దాడి చేశాడు. మనవాళ్ళు గట్టిబొమ్ము అనీ తమిళులు కట్టబొమ్మన్ అనీ పిలిచే ఆ పాళెగాడిని అక్టోబరు 16న కయత్తారులో ఉరితీశారు. దిండిగల్లు వైపు విరూపాక్షి గోపాల నాయకుడు చుట్టుపక్కల పాళేలను కూడగట్టాడు. 1800 జూన్ మొదట్లో కోయంబత్తూరు కోట మీద పడాలని వేసిన పథకం ముందే పొక్కింది. 42 మందిని ఉరితీశారు. మధుర దారీ కోవై దారీ ఆనాడు ఒకటే అయ్యాయి. మనం ఇవాళ రెండు ఊళ్ళ సంఘాలుగా కూర్చుంటున్నాం గాని, ఆనాటి మనుషులు ఆ తేడా ఎంచలేదు.

1801 ఫిబ్రవరిలో ఊమైదురై పాళయంకోట జైలు నుంచి తప్పించుకున్నాడు. పడగొట్టిన మట్టికోటను రోజుల్లో మళ్ళీ లేపారు. మార్చి 31న కుంపిణీ పటాలం దాడి చేసి వెనుదిరిగింది. మే 24న గాని కోట పడలేదు. ఆ ముట్టడిలో ఉన్న జేమ్స్ వెల్ష్ తరవాత రాసిన జ్ఞాపకాల్లో కోటలోవాళ్ళ బల్లేల దెబ్బ గురించి చెబుతాడు. మట్టిగోడకు పడిన గండిలో నిలబడి పోరాడినవాళ్ళ ముఖ్య ఆయుధం ఆ పొడవాటి బల్లెం.

ఇంకో సంగతి కూడా దాచకూడదు. ఎట్టయాపురం పాళెగాడు కుంపిణీ పక్షం నిలిచాడు. ఆయనా రాజకంబళమే, ఆయన ఇంట్లోనూ తెలుగే. తమిళంలో ఎట్టప్పన్ అంటే ద్రోహి అనే తిట్టు అయిపోయింది. చరిత్రలో మనవాళ్ళు రెండు వైపులా ఉన్నారు, రెండు వైపులా తుపాకులు ఉన్నాయి.

అన్నీ అయిపోయాక 1801 డిసెంబరు 1న మద్రాసు గవర్నరు లార్డ్ క్లైవ్ ప్రకటన వచ్చింది. ఈయన ప్లాసీ క్లైవ్ కాదు, ఆయన కొడుకు ఎడ్వర్డ్. దక్షిణ పాళేల్లో ఆయుధాల వాడకం పూర్తిగా అణచివేస్తామని, దానికి బదులు భూమి శిస్తు శాశ్వతంగా స్థిరపరుస్తామని ఆ ప్రకటన సారాంశం. 1803లో సనదులు ఇచ్చారు. పాళెగాడు జమీందారు అయ్యాడు. సైన్యంతో రావాల్సినవాడు కిస్తీతో రావాల్సినవాడు అయ్యాడు.

సినిమాలో మనం చూసేది కత్తి, మీసం, మాట. 1959లో శివాజీ గణేశన్ వేసిన ఆ వేషం మన ఇళ్ళల్లో ఎంత ముద్ర వేసిందో చెప్పనక్కర్లేదు. సినిమాలో కనబడనివాడు కమ్మరి. ఆయుధాలు అప్పగించాక ఊళ్ళో చీలలు దిగ్గొట్టే పని లేదు. చేయని పని చేతికి గుర్తుండదు. యుద్ధంలో తుపాకి పోతే ఇంకోటి చేసుకోవచ్చు. తుపాకి పని తెలిసిన చెయ్యి పోతే మళ్ళీ రాదు. మా దృష్టిలో 1801లో మనవాళ్ళు పోగొట్టుకున్న దానిలో పెద్దది ఇదే.

లైసెన్సు కాలం

1857 తిరుగుబాటు దేశాన్ని కుదిపింది. 1878లో వైస్రాయి లిట్టన్ కాలంలో ఆయుధాల చట్టం వచ్చింది. తెల్లవాళ్ళకు మినహాయింపు, దేశస్థులకు లైసెన్సు. ఈ వివక్ష మన పెద్దలను ఎంత నొప్పించిందంటే, 1887 డిసెంబరులో మద్రాసులో బద్రుద్దీన్ త్యాబ్జీ అధ్యక్షతన జరిగిన మూడో కాంగ్రెసు సభలోనే ఈ చట్టం మీద తీర్మానం చేశారు. జమీందార్లు, పెద్ద రైతులు లైసెన్సు తీసుకుని తుపాకి పెట్టుకున్నారు. వేటకు, కొండవార పొలాల్లో అడవిపందుల నుంచి పైరు కాపాడుకోవడానికి, కొంత హోదాకు. ఆ తుపాకి మాత్రం ఊరి కొలిమిలో పుట్టింది కాదు. సీమ నుంచి ఓడలో వచ్చింది.

రివాల్వర్ లోపల ఏముంది

అమెరికాలో శామ్యూల్ కోల్ట్ 1836లో తిరిగే చక్రం తుపాకికి పేటెంటు తీసుకున్నాడు. బ్రిటిష్ సైన్యం 1887లో వెబ్లీ రివాల్వర్ తీసుకుంది. మన దేశంలో కాన్పూరు స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీ చేసిన .32 రివాల్వర్ కూడా వెబ్లీ వంశానిదే. పాత ఇళ్ళల్లో ఉండే రివాల్వర్లు చాలావరకు ఈ కోవలోవే.

రైల్వేవాళ్ళకు దీని పని చెప్పడం సులువు. మన పోదనూరులో సిగ్నల్, టెలికాం వర్క్‌షాపు ఉంది. సిగ్నల్ పనివాళ్ళు ఎవరినడిగినా ఒక మాట చెబుతారు: పాయింటు సరిగ్గా పడి, తాళం పడితే గాని సిగ్నల్ దిగకూడదు. పాయింటు సగంలో ఉండగా సిగ్నల్ దిగితే బండి పట్టాలు తప్పుతుంది. రివాల్వర్‌లోనూ అదే క్రమం. మీట లాగినప్పుడు లోపల మూడు పనులు వరసగా జరగాలి. మొదట ఒక చిన్న పుల్ల లాంటి ముక్క చక్రాన్ని ఒక గది మేర తిప్పాలి. ఆరు గదుల చక్రమైతే వృత్తంలో ఆరో వంతు. తరవాత చట్రంలో నుంచి ఒక మేకు లేచి చక్రం మీద గాడిలో పడి తాళం వేయాలి. అప్పుడే గుర్రం దూకాలి. తూటా ఉన్న గది, ముందున్న గొట్టం ఒకే గీత మీద ఉండాలి.

ఇప్పుడు వదులు అంటే ఏమిటో చూద్దాం. తాళం మేకు గాని, గాడి గాని అరిగితే చక్రం పక్కలకు ఊగుతుంది. తిప్పే పుల్ల అరిగితే చక్రం పూర్తిగా తిరగకుండా ఆగుతుంది. వెబ్లీలాగా మధ్యలో విరిచి తెరిచేవాటిలో పైకొక్కెం, కీలు అరిగితే చక్రం ముందుకూ వెనక్కూ ఆడుతుంది. లోపల మర ఊడినా, స్ప్రింగు విరిగినా టకటకమని చప్పుడు వస్తుంది. అన్నిటికన్నా ప్రమాదం, గుర్రాన్ని నిలబెట్టే అంచు అరగడం. అప్పుడు మీట నొక్కకుండానే, కింద పడితేనే పేలవచ్చు. గది, గొట్టం ఒక గీత మీద లేకపోతే తూటా గొట్టం అంచుకు తగిలి సీసపు పెచ్చులు పక్కకు ఎగురుతాయి. పట్టుకున్నవాడికి, పక్కన నిలబడ్డవాడికి గాయం. ఒక్కోసారి ఆయుధమే పగులుతుంది.

ఇంకో చిక్కు ఉంది. ప్రతి వదులూ లోపం కాదు. పట్టాల అతుకు దగ్గర సందు వదలకపోతే ఎండకు పట్టా వంగిపోతుందని మనకు తెలుసు. రివాల్వర్ చక్రానికి కూడా ఊరికే ఉన్నప్పుడు కొద్దిపాటి ఆట ఉండనే ఉంటుంది. ఎంత ఆట సరి, ఎంత ఎక్కువ అనేది కొలిచి చూసే పని, చేత్తో ఊపి చెప్పే పని కాదు. అది తెలియకుండా ఆకురాయి పెడితే తిప్పే పుల్ల పొట్టిదవుతుంది, క్రమం తప్పుతుంది. కాచి అతికితే గట్టి ఉక్కు మెత్తబడుతుంది, గుర్రం నిలబడదు. వత్తి తుపాకికి మేలు చేసిన కొలిమి రివాల్వర్‌కు కీడు చేస్తుంది. కమ్మరి తెలివి తక్కువై కాదు. వస్తువు స్వభావం మారింది.

మణియాచ్చి

మధుర నుంచి తిరునల్వేలి, తూత్తుక్కుడి వైపు పోయేవాళ్ళకు మణియాచ్చి జంక్షను తెలుసు. 1911 జూన్ 17న అక్కడ ఆగిన బండిలో, మొదటి తరగతి పెట్టెలో కూర్చున్న కలెక్టరు ఆష్‌ను వాంచినాథన్ కాల్చాడు. తరవాత తననూ కాల్చుకున్నాడు. ఆయన చేతిలో ఉన్నది రివాల్వర్ కాదు, బెల్జియంలో చేసిన బ్రౌనింగ్ పిస్తోలు. ఆ గుంపుకు అండగా ఉన్న వ.వే.సు. అయ్యరు అప్పుడు ఫ్రెంచివాళ్ళ పుదుచ్చేరిలో ఉన్నాడు. వాంచినాథన్ మనవాడు అని మేము చెప్పడం లేదు. మణియాచ్చికి పాంచాలంకురిచ్చి దూరం కాదు, అందుకని చెబుతున్నాం. నూట పది ఏళ్ళ కిందట ఊరి కొలిమి ఆయుధంతో ఎదురు నిలిచిన నేలలో, 1911 నాటికి ఆయుధం సముద్రం దాటి రావాల్సి వచ్చింది.

చేతులు ఎటు పోయాయి

చేతి నేర్పు మనవాళ్ళలో చచ్చిపోలేదు. వేరే వస్తువుల మీద పడింది. కోయంబత్తూరు దగ్గర కలంగల్‌లో 1893లో పుట్టిన జి.డి.నాయుడు గారు ఒక దొర మోటారు సైకిలు చూసి ముచ్చటపడి, హోటల్లో పనిచేసి డబ్బు కూడబెట్టి, దాన్ని కొని, మొత్తం విప్పి మళ్ళీ బిగించిన కథ మన ఇళ్ళల్లో సామెత లాంటిది. 1920లో ఒక్క బస్సుతో మొదలుపెట్టారు. పీలమేడులో పి.ఎస్.గోవిందస్వామి నాయుడు గారి కొడుకులు 1926లో ధర్మ సంస్థ పెట్టి పారిశ్రామిక విద్యకు దారి వేశారు. 1937లో జి.డి.నాయుడు, డి.బాలసుందరం నాయుడు గార్లు కలిసి కోవైలో విద్యుత్ మోటారు చేశారు. ఆ పక్కనే మిల్లులు, ఫౌండ్రీలు, పంపులు. విప్పి చూడడం, అరిగినది మార్చడం, మళ్ళీ బిగించడం మన ఊరి చదువు అయింది.

అందుకే "మర బిగిస్తే సరి" అనే మాట మన నోట అంత సులువుగా వస్తుంది. ఆ మాటలో గర్వం ఉంది, దాన్ని మేము తక్కువ చేయం. పంపు విషయంలో మాత్రం ఆ గర్వం చెల్లుతుంది, తుపాకి విషయంలో చెల్లదు.

చట్టం ఏమంటోంది

స్వతంత్రం వచ్చాక 1878 చట్టం పోయి 1959 ఆయుధాల చట్టం వచ్చింది. దాని 5వ సెక్షను తుపాకి తయారు చేయడానికి, అమ్మడానికి ఎలా లైసెన్సు కావాలంటుందో, బాగుచేయడానికీ అలాగే కావాలంటుంది. అంటే లేత్ పట్టరైలో మీ రివాల్వర్ విప్పితే ఆ పనివాడు కూడా చిక్కుల్లో పడతాడు.

"అది పాడైపోయింది కదా, ఇంక తుపాకి ఎలా అవుతుంది" అని కొందరు అంటారు. 45వ సెక్షను పాతకాలపు, పాడైన ఆయుధాలకు మినహాయింపు ఇస్తుంది, నిజమే. షరతు చూడండి: బాగుచేసినా, చేయకపోయినా తుపాకిగా పనికిరాని స్థితిలో ఉండాలి. కీలు వదులైనది, స్ప్రింగు విరిగినది బాగుచేస్తే పేలుతుంది. కాబట్టి చట్టం కంటికి అది పూర్తి తుపాకే. రెండు వందల ఏళ్ళ కిందట గవర్నరుకు తెలిసిన విషయమే ఈ చట్టం రాసినవాళ్ళకూ తెలుసు: బాగుచేయగలిగితే ఆయుధం బతికే ఉన్నట్టు.

ఇంట్లో ఉన్నవాళ్ళు చేయాల్సింది ఇది. లైసెన్సు పుస్తకం ఉందా, గడువు ఉందా చూడండి. గడువు ఉంటే లైసెన్సుదారు తానే, తూటాలు తీసి, లైసెన్సు పొందిన ఆయుధ వ్యాపారి దగ్గరికి తీసుకుపోయి, బాగుచేసే అనుమతి ఆయనకు ఉందో లేదో అడిగి ఇవ్వాలి. తీసుకున్నట్టు కాగితం రాయించుకోవాలి. లైసెన్సుదారు కాలం చేసి ఉంటే ఆయుధం ఇంట్లో ఉంచుకోవడానికి వీల్లేదు. పోలీసు స్టేషనులో గాని, లైసెన్సు ఉన్న వ్యాపారి దగ్గర గాని అప్పగించి రసీదు తీసుకోవాలి. వారసులు కావాలనుకుంటే 2016 నియమాల ప్రకారం తమ పేర లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. లైసెన్సుదారుకు 70 ఏళ్ళు నిండినా, 25 ఏళ్ళు ఆయుధం ఉంచుకున్నా, బతికుండగానే వారసుడి పేరు చెప్పవచ్చు. ఈ వయసు దాటిన పెద్దలు మన సంఘంలో చాలామంది ఉన్నారు, ఆ పని ఇప్పుడే చూడడం మంచిది. 2019 సవరణ తరవాత ఒకరికి రెండు తుపాకులకు మించి కుదరదు.

ఇవన్నీ ఎందుకు ఇంత వివరంగా చెబుతున్నామంటే, తాత పోయాక నాయనమ్మ బీరువాలో బట్టల కింద పెట్టి మరిచిపోయినవి మన ఇళ్ళల్లో ఉంటాయి. సెలవులకు వచ్చిన మనవడి చేతికి అది దొరికిన రోజు మన వంశ గౌరవం అక్కరకు రాదు. లోపల తూటా ఉందో లేదో తెలియదు, గుర్రం నిలుస్తుందో లేదో తెలియదు.

ఆయుధం అప్పగిస్తే చరిత్ర పోతుందని బాధపడేవాళ్ళకు ఒక మాట. చరిత్ర ఉక్కులో లేదు. అది ఎవరు కొన్నారు, ఏ జమీను కాలంలో, ఏ పొలం కాపలాకు, ఎవరు బాగుచేసేవారు, ఆ కమ్మరి ఇంటివాళ్ళు ఇప్పుడు ఎక్కడ ఉన్నారు, ఇవి రాసుకోండి. లోపలి భాగాలను మీ ఇంటి పెద్దలు ఏ తెలుగు మాటతో పిలిచేవారో అడగండి. గుర్రం, రంజకం కాకుండా ఇంకా మాటలు ఏ ముసలావిడ నోట్లోనో మిగిలి ఉండవచ్చు, మన తరవాత అవి దొరకవు. విరూపాక్షి, బోడినాయకనూరు, పీలమేడు, మధుర వైపు ఊళ్ళలో ఉన్న సభ్యులు ముందు అడిగితే బాగుంటుంది.

తెలిసిన సంగతులు ఇక్కడ రాయండి. మాటలు, పేర్లు, కథలు పెట్టండి. ఆయుధం ఫొటో, దాని నంబరు, ఇంటి అడ్రసు మాత్రం పెట్టకండి.